ఒక్కరూ చావని ఆసుపత్రి

అది నరసరావుపేట సర్కారు ఆసుపత్రి వరండా. క్వారీలో బండరాయి మీదపడిన మనిషిని పొద్దున్నే రోడ్డవతలి నర్సింగ్‌హోముకు పంపించారు. అక్కడ లోపలికి రానివ్వలేదని ఇక్కడే కూర్చున్న అతని భార్య నేల తుడుస్తున్న ఆయమ్మను పలకరించింది.

"మీ సర్జన్ గారు ఇక్కడే ఎందుకు కొయ్యలేదు పిన్నీ?"

"ఇక్కడ కోస్తే ఆయనకు జీతమే. అక్కడ కోస్తే గవర్నమెంటు వేరే బిల్లు కట్టిద్ది."

"అక్కడ కోసేదీ ఆయనేనా!"

"ఆ చెయ్యే. కత్తి కూడా మాదేలే."

"పోన్లే, ఆ ఆసుపత్రి మంచిదేగా?"

"చానా మంచిదమ్మాయ్. పెట్టిన కాణ్ణించి అందులో ఒక్కరూ చావలా."

"ఒక్కరు కూడానా?"

"పానం పోయేట్టుందంటే ముందే ఇటు తోలేస్తారు. చావులన్నీ మా లెక్కలోకే."

"పిన్నీ, ఆ స్ట్రెచరు రోడ్డు దాటి ఇటే వస్తంది. మీద కప్పింది మా దుప్పటే."