గాలిమరల కింది చేను

అబ్బబ్బ, ఆ కుర్చీ దులపడం ఆపక్కా! నేనేమన్నా పైనుంచి ఊడిపడ్డ ఆఫీసరునా? నీ తమ్ముణ్ణి. ఇదిగో, ఈ గుమ్మంలో కూర్చుంటా. నువ్వూ కూర్చో. మంచినీళ్ళు తర్వాత.

గాలిమరలు దించేస్తున్నారు, తెలుసుగా? అవును, ఆరింటినీ. క్రేన్ కూడా వచ్చేసింది.

నవ్వుతావేంటి? సర్కారు గాలిమరలని ఎంత హడావుడి చేశారు! ఓడలో దిగిన ఆ రెక్కలు చూడ్డానికి ఊరు ఊరంతా ఒడ్డుకొచ్చింది. సముద్రం పక్క నీ చేను కావాలంటే బావ ససేమిరా అన్నాడు. నువ్వేమన్నావ్? "మా తమ్ముడికి అందులో ఉద్యోగమిస్తారట. మన వీధిలో ఇక కరెంటు పోదని వాడే చెబుతున్నాడుగా" అన్నావ్. పాపం, బావ ఇంక నోరెత్తలేదు.

ఏదీ ఆ కరెంటు? మన నెత్తి మీదుగా తీగల్లో పట్నం పోయింది. నువ్వేమో బుడ్డిదీపం పెట్టుకుని వంట చేశావ్. ఒక్కసారన్నా అడిగావా నన్ను? అడగవే!

ఆ వైభోగం మాత్రం ఎన్నాళ్ళులే. ఉప్పుగాలి బోల్టుల్ని తినేసింది. సామాను పంపే కంపెనీ మూతపడింది. ఒకదాని పళ్ళచక్రం ఊడదీసి ఇంకోదానికి బిగించేవాణ్ణి. అలా అలా తిరిగేవి రెండే మిగిలాయి. సరిగ్గా పైవాళ్ళు చూడ్డానికొచ్చిన రోజున గాలి స్తంభించిపోయింది. ఏం చేశామనుకున్నావ్? లైన్లోంచి కరెంటు తీసుకుని రెక్కలు తిప్పాం! అవి కరెంటు ఇవ్వట్లేదక్కా, తాగుతున్నాయి. నువ్వు వీధిలో ఆడవాళ్ళందర్నీ వెంటేసుకొచ్చి, "మా తమ్ముడే తిప్పుతున్నాడు" అంటూ చప్పట్లు కొట్టావ్. అవి వినలేక నేను షెడ్డులోంచి బయటికే రాలేదు.

ఆఁ? చేనా? ఇస్తారు... ఇస్తారంటే, కింద పోసిన కాంక్రీటు దిమ్మలు మాత్రం తియ్యరట. ఒక్కోటి ఇల్లంత. వాటి మీద ఏం పండిస్తావో ఏమో.

అసలు నేనొచ్చింది ఆ మాట చెప్పడానికి కాదు. ఎలా చెప్పనే... కొత్తవి పెడతారట, వీటికి మూడింతల ఎత్తు. పెరటి వెనక నీ కూరగాయల మడి ఉంది చూడు, అది కూడా కావాలట. "మీ అక్క నీ మాట కాదనదటగా, నువ్వే వెళ్ళు. కొత్తవాటి మీద పని నీకే" అన్నాడు ఆఫీసరు. ఛీ అని లేచి రావాలి కదా? రాలేదు. "మా అక్క ఒప్పుకుంటుంది లెండి" అని నీ తరఫున మాటిచ్చేసి, వాళ్ళు పోయించిన టీ కూడా తాగి మరీ వచ్చా.

తిట్టు. ఏదో ఒకటి అను.

అదేంటి, చెప్పులేసుకుంటున్నావ్? ఎక్కడికి?

వాళ్ళు కొలుచుకోడానికి మడి గట్లు చూపిస్తావా? అయ్యో, వద్దే తల్లీ! కూర్చో. నీ కాళ్ళు పట్టుకుంటా, ఈ ఒక్కసారికి కుదరదని నా మొహం మీదే చెప్పక్కా.