ఏ మందు?

మా టైలరింగ్ కొట్లో కటింగ్ మేస్త్రీని నేను ఈ జన్మలో క్షమించను. అన్నయ్య పోయాక, వాడి కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి వదినా నేనూ కొట్లో కూర్చున్నాం.

“అన్నయ్య గుండెదడకి బిళ్లలు రాసి, మందు మానొద్దని డాక్టర్ చెప్పాడు. ఆ మేస్త్రీగాడేమో సీసా తెచ్చి, ‘విన్నావుగా, మానొద్దన్నాడు’ అని పోశాడు వదినా.”

“ఆ మాటకి మీ అన్నయ్య పడీపడీ నవ్వారు. రోజూ అదే జోకు, అదే గ్లాసు. బిళ్లలు మాత్రం డబ్బాలో అలాగే ఉన్నాయి.”

“గుండె కుట్టు తప్పుతోందిరా అనేవాడు.”

“అనేవారు.”

“పడుకుంటే అన్నయ్య మిషన్ చప్పుడు వినిపిస్తోంది వదినా. నాలుగు కుట్లు పడతాయి, ఒకటి తప్పుతుంది, మళ్లీ నడుస్తుంది.”

“ఇంట్లో పడుకున్నవాడికి కొట్లో మిషన్ ఎలా వినిపిస్తుంది? ఆ చెయ్యి గుండెల మీద నుంచి తియ్యి. డాక్టర్ దగ్గరికి వెళ్లావట, మీ ఆవిడ చెప్పింది.”

“వెళ్లాను.”

“ఏమన్నాడు?”

“అన్నయ్యకి చెప్పిందే చెప్పాడు. మందు మానొద్దన్నాడు.”

వదిన నా చేతిసంచిని తన దగ్గరికి లాక్కుంది. లోపల సీసా తొణికింది.

“ఏ మందు, మరిదీ?”