గరిక తాగిన నీళ్లు

ఎమ్మిగనూరు పల్లెల్లోకి ఆ ఏడాదే కలుపు మందు వచ్చింది. పై చేను రైతు తన జొన్నకు అది కొట్టిన మర్నాడే వాన దంచింది. వారం తిరక్కుండా దిగువ చేనామె పత్తి ముడుచుకుపోయింది. అతను తల వంచుకుని ఆమె గట్టు మీదికి వచ్చాడు.

"తప్పు నాదేక్కా. వాననీళ్లతో మందు నీ చేన్లోకి దిగినాది."

"ఆ మూల పత్తి ఎట్ల బతికినాదప్పా?"

"ఆడ గట్టు మీద గరిక ఉండాది కదా. నీళ్లను నిలబెట్టి మందంతా అదే తాగినట్టుండాది."

"నీ చేన్లోకి పాకుతాదని గరికంతా పీకెయ్యమంటివి. బర్రె కోసమని ఆ మూల ఇడిసినా."

"అన్ని గట్లకూ మళ్లీ నేనే నాటిస్తాక్కా."

ఆమె చేతిలోని కొడవలి కింద పెట్టింది.

"వారం దినాలుగా నా బర్రెకు కోసేస్తాండేది ఆ గరికేనప్పా."