ఫైలు తగ్గినా వాన తగ్గనివ్వని పెద్దక్కగారికి

డబ్బా మూత విప్పాలి. రీలును బల్ల మీదికి ఎక్కించి మెత్తటి గుడ్డతో దుమ్ము తుడవాలి. తెగినచోట అతకాలి, అంచు రంధ్రాలు చిరిగినచోట టేపు వెయ్యాలి. వాసన చూసి, పుల్లగా ఉంటే, అంటే ఫిల్ము పాడవుతుంటే, వేరే గదికి పంపాలి. తిరిగి చుట్టి, చీటీ అంటించి, చల్లగది అరలో పెట్టాలి. 1990 జూలై రెండవ తేదీన మన చలనచిత్ర భాండాగారంలో ఫిల్ము సహాయకురాలిగా చేరిన, మేమంతా పెద్దక్కగారని పిలుచుకునే వారికి ఆనాటి అధికారి నోటిమాటగా అప్పగించిన పనులివి. ఫైలు అన్న పదం అప్పట్లో కాగితాల అట్టకే చెల్లేది.

అప్పటికి వారికి పెళ్లయి ఏడాది కూడా కాలేదు. భర్త స్కూటర్ మెకానిక్. సాయంత్రం ఇద్దరూ ఇంటికి చేరితే ఒకరి ఒంటి మీద ఆయిలు, మరొకరి చీరకు రీళ్ల పులుపు. "మీ ఇద్దర్నీ ఉతికాకే లోపలికి రానివ్వాలి" అని అత్తగారు గుమ్మంలోనే ఎగతాళి చేసేవారట. కొన్నేళ్లకు పెద్దక్కగారు సీనియర్ సహాయకురాలయ్యారు. ఆ తరువాత స్కానర్లు వచ్చినప్పుడు, "ఈ వయసులో నాకెందుకు సార్" అనకుండా, తమకంటే చిన్నవారి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఆ విద్య నేర్చి, చివరకు వీడియో ఫైళ్లను కుదించే ఎన్‌కోడింగు విభాగానికే అధిపతి అయ్యారు.

ఈ వీడ్కోలు సంచిక చదివే ఉద్యోగుల కుటుంబసభ్యుల కోసం ఆ విద్య గురించి రెండు మాటలు. పాత ఫిల్ము మీద ఇసుక జల్లినట్టు కదలాడే నలకలను మా విభాగంలో రవ్వ అంటాము. వీడియోను చిన్నది చేసేటప్పుడు కంప్యూటరు, పక్కపక్క ఫ్రేముల్లో మారనిదాన్ని వదిలేసి మారినదాన్నే రాసుకుంటుంది. గోడ కదలదు కాబట్టి గోడను ఒకసారి రాస్తే సరిపోతుంది. కానీ ఆ గోడ మీది రవ్వ ప్రతి ఫ్రేములోనూ కొత్తచోట పడుతుంది. పాపం కంప్యూటరు అదంతా విశేషమేననుకుని పొల్లుపోకుండా రాసుకుంటుంది, ఫైలు ఉబ్బిపోతుంది. మన దగ్గర డిస్కులు తక్కువ. అందుచేత ఫైలును కుదించాక స్కాన్ చేసిన అసలు ప్రతిని చెరిపివేయడం, పుల్లబడిన రీలు పక్కవాటిని పాడుచేయకుండా లారీకి ఎక్కించి నాశనం చేయడానికి పంపివేయడం ఆనాటి నియమం. అంటే ఆ తరువాత మిగిలేది ఆ చిన్న ఫైలొక్కటే.

అలా వచ్చిందే మా విభాగంలో అందరూ వాన సినిమా అని పిలిచే చిత్రం. మరెక్కడా ప్రతి లేదు. పెద్దక్కగారు రవ్వ తీసే ఫిల్టరును గట్టిగా పెట్టారు. ఫైలు నాలుగో వంతుకు దిగింది. డైరెక్టరుగారు అందరి ముందూ శభాష్ అన్నారు. ఆ నెలలోనే ఉద్యోగుల కుటుంబాలకు ఆ చిత్రాన్ని ప్రదర్శించారు. బొమ్మ అద్దంలా మెరుస్తోంది. బజారు దృశ్యం వచ్చింది.

"ఏమ్మా కోడలా, వాన లేదు, చినుకు లేదు, ఈ జనమంతా గొడుగులేసుకుని పరిగెడతారేంటి?" అన్నారు అత్తగారు, హాలంతా వినపడేలా.

"కొత్త గొడుగులు కొనుక్కున్నారేమోలే అమ్మా, చూపించుకోవద్దూ?" అన్నాడు భర్త.

హాలు గొల్లుమంది. పెద్దక్కగారికి మాత్రం సంగతి అర్థమైంది. సన్నటి తుంపరను కూడా ఫిల్టరు రవ్వ కింద జమకట్టి ఊడ్చేసింది. స్కాన్ ప్రతి చెరిపివేశారు. రీళ్లు లారీ జాబితాలో ఉన్నాయి. ఆ వాన ఇక లోకంలో ఎక్కడైనా ఉందో లేదో వారికి తెలియదు.

సినిమా మధ్యలోనే లేచి గోడౌనుకు పరుగెత్తారు. అక్కడి స్టోర్‌కీపరును ఆఫీసంతా 'రేపు బాబాయి' అనేది. ఏ పని చెప్పినా ఆయన రేపటికి వాయిదా వేసేవాడు మరి.

"బాబాయ్ గారూ, వాన సినిమా రీళ్లు లారీకి వేసేశారా?"

ఆయన తల దించుకున్నాడు. "తిట్టకండమ్మా. వెయ్యాల్సిందే. నడుం పట్టేసింది. రేపు వేద్దాం, రేపు వేద్దామని..."

"వెయ్యలేదా?"

"లేదమ్మా. పైకి చెప్పకండి. ఇదివరకే ఓసారి సంజాయిషీ అడిగారు."

పెద్దక్కగారు అక్కడే ఒక డబ్బాల దొంతి మీద కూలబడ్డారు. "మీ బద్ధకం చల్లగుండ, బాబాయ్ గారూ!" అన్నారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో ఆయనకు అర్థం కాక, మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

మర్నాడు డైరెక్టరుగారి గదిలో, పొరపాటు తమదేనని పెద్దక్కగారు స్వయంగా చెప్పారు.

"మళ్లీ చేస్తే ఫైలు పెరుగుతుంది కదమ్మా, డిస్కు ఎక్కడ తెస్తాం?"

"వానలో కూడా ఆదా చేస్తే ఇంక సినిమా ఎందుకు సార్?"

మళ్లీ స్కాన్ చేశారు. ఈసారి ఫైలు ఉబ్బకుండా ముందుగా ఊగే బొమ్మను నిలబెట్టారు, మినుకుమనే వెలుగును సమం చేశారు, చుట్టూ ఉన్న నల్ల అంచులు కత్తిరించారు, కంప్యూటరును తొందరపెట్టకుండా నిదానంగా పని చేసుకోనిచ్చారు. ఆఖరున మాత్రమే రవ్వను పైపైన పలచబరిచారు. అంతటితో ఆగక, తీసేసిన భాగాన్ని విడిగా తెర మీద వేసుకుని మొదటి నుంచి చివరిదాకా చూశారు. అందులో ఒట్టి ఇసుకే కనిపిస్తే సరే. ముక్కు గీతో, చీర అంచో, చినుకో కనిపించిందా, పని మళ్లీ మొదటికే. "ఉంచింది అందరూ చూస్తారమ్మా. తీసేసింది మనం చూడకపోతే ఇంకెవరు చూస్తారు?" అని మాకు చెప్పేవారు. నాటి నుంచి నేటి వరకు, ఊడ్చేసిన రవ్వను చూడకుండా మా విభాగం నుంచి ఒక్క ఫైలు కూడా బయటికి పోలేదు. రీలును వెంటనే పంపివేసే నియమమూ వారి పట్టుదల వల్లనే మారింది.

వాన సినిమా ఫైలు నాలుగో వంతుకు దిగలేదు, సగానికి కాస్త తక్కువైంది. రెండోసారి చూసిన అత్తగారు, "ఇప్పుడు బాగుంది. చలేస్తోంది, ఆ ఫ్యాను తగ్గించమనండి" అన్నారు.

ఈ నెలాఖరున పెద్దక్కగారు పదవీ విరమణ చేస్తున్నారు. కళ్లకు ఇంత శ్రమ ఇచ్చిన వారు ఇకపై ఏ సినిమానైనా తప్పులు వెతకకుండా చూడగలగాలని, భర్తతోను, అత్తగారి ఛలోక్తులతోను, పిల్లాపాపలతోను, నిండు ఆరోగ్యంతో, నూరేళ్లు హాయిగా జీవించాలని సహోద్యోగులందరి తరఫున మనసారా ఆకాంక్షిస్తున్నాము.

ఈ సంచికలో ఏం రాయమంటారని అడిగితే వారు తమ గురించి ఏమీ చెప్పలేదు, రేపు బాబాయి గురించి రాయమన్నారు. ఆయన ఉద్యోగం ముగిసిన రోజున సంచిక వేయలేదు, సభ పెట్టలేదు, పూలదండ కూడా తేలేదు; ఆయన చనిపోయిన కబురు మాకు ఆలస్యంగా తెలిసింది. కనుక పెద్దక్కగారి మాటగా ఈ ఒక్క మనవి: ఆ బజారులో వాన కురవడం మీరెప్పుడైనా చూస్తే, నడుం పట్టేసి రీళ్లు మొయ్యలేకపోయిన ఆ మనిషిని ఒక్కసారి తలచుకోండి.