నాలుగు డిగ్రీల బీరువా

ఆఫీసు గోడని ఆనుకుని ఉన్న టీకొట్టుకి బావమరిది వచ్చిందే భయంతో. లోపల ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేసే అక్క పొద్దున్నుంచి మూడుసార్లు చెప్పింది, తన కుర్చీ వెనక గోడ కాలుతోందని, వైరు కమురు కంపు వస్తోందని. ఆ గోడకి అవతల కంప్యూటర్ల గది. ఆ గదిని చూసుకునేది అక్క మొగుడే. ఆయనేమో ఇక్కడ నలుగురిని కూర్చోబెట్టుకుని కోతలు కోస్తున్నాడు.

"గోడ సంగతి తర్వాత," అన్నాడు బావ. "కంప్యూటర్లు పేర్చిన ఒక్కో బీరువాకి అగ్గిపెట్టంత సెన్సర్ అంటించానా, లోపల వేడెంతో వైరూ గియిరూ లేకుండా నా ఫోనుకి చెప్పేస్తుంది. మొన్న మూడో బీరువా డెబ్బై చూపించి ఒకటే కూత. వెళ్లి ఒక్క చూపు చూశాను, అరవైకి దిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు టీ కాచే ఆయన, అలవాటు కొద్దీ.

"తిట్టాను, నలభై. చెయ్యెత్తాను, ఇరవై. ఇక చాలంటే వినదే, నాలుగు దగ్గర నేనే బతిమాలి ఆపాను. అప్పటికే గదిలో మోకాలి దాకా మంచు. మేనేజరుగారు రగ్గు కప్పుకుని వచ్చి, జారిపడి, పడ్డచోటే నాకు దండం పెట్టారు. మూడు రోజులైంది, ఇదిగో, ఇవాళ్టికీ నాలుగే."

ఫోను చేతులు మారింది. అంకె నిజంగానే నాలుగుంది. మంచు కురిసే గదికి గోడ ఎందుకు కాలుతుందని బావమరిది అడిగాడు.

"చలికి జ్వరమొచ్చిందిరా దానికి."

అందరూ నవ్వారు. బావమరిది మాత్రం ఆఫీసు గోడకేసి చూశాడు.

టీ కాచే ఆయన పాల కోసం ఫ్రిజ్ తెరిచి, పాకెట్ల వెనక నుంచి అగ్గిపెట్టంత డబ్బా తీసి తడి తుడిచాడు. దానిమీద పచ్చదీపం మినుకుమంటోంది.

"మూడు రోజుల్నుంచి అడుగుదామనుకుంటున్నా, ఇది మీదేనా? ఆ నాలుగు డిగ్రీలు నా పాలవి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. కూత ఆగలేదనీ, మెకానిక్ రేపొస్తానన్నాడనీ, ఒక్కరోజుకే కదా అని దాన్ని ఫ్రిజ్‌లో దాచాననీ బావ గొణిగాడు. టీ కాచే ఆయన అరచేతి వేడికి ఫోనులో అంకె ఐదైంది, ఏడైంది, పదకొండైంది.

"మరి ఆ బీరువా ఇప్పుడు ఎంతుంది బావా?"

ఏ ప్రశ్నకీ గంటకు తక్కువ జవాబు చెప్పని మనిషి, "తెలీదురా" అన్నాడు.

చెప్పులు వదిలేసి పరుగెత్తాడు. వెనకే బావమరిది, అక్క నంబరు నొక్కి ఫోను చెవికి ఆనించుకుని. అవతల మోగుతూనే ఉంది. ఫోన్లు ఎత్తడమే అక్క ఉద్యోగం.