బావగారు నొక్కిన మూత

నేనెప్పుడూ ఏమీ రాసినదాన్ని కాదు. చదివింది అయిదో క్లాసు. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

జబ్బుల మీద పరిశోధన చేసే ల్యాబులో నేను సీసాలు కడుగుతాను. మా అక్క భర్త, అంటే బావగారు, ఆసుపత్రి నుంచి శాంపిళ్లు ఐసు పెట్టెలో తెచ్చే వ్యాను నడుపుతారు. సాయంత్రం టీ కొట్టు బెంచీ మీద చేరారంటే ఇక ఆయన్ని ఆపేవాళ్లుండరు.

మొన్న ఒక సాయంత్రం అలాగే మొదలుపెట్టారు.

"ఇవాళ గతుకుల్లో ఒక బుల్లి ట్యూబు మూత ఊడింది. నడవలేని పిల్లాడి ఆర్‌ఎన్‌ఏ అది, రక్తంలోంచి తీసింది. ట్యూబు మూతి బొటనవేలితో తుడిచి మూత నొక్కేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వేలికంటిన చుక్క ఒళ్లంతా పాకి నా మోకాలి నొప్పి ఎగిరిపోయింది. దిగి పరుగందుకున్నానా, వ్యాను నన్ను అందుకోలేక వెనకబడింది."

"మరి దాన్నెవరు నడిపారు?" అన్నాడు మా ల్యాబు వాచ్‌మన్.

"దానికి దారి తెలుసులే. అదే వేలు మా ఆఫీసులో విరిగిన కుర్చీకి రాశా. నాలుగో కాలు మొలిచింది. అయిదోది కూడా వస్తుంటే నేనే వద్దన్నా."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆర్‌ఎన్‌ఏ అంటే ఒంట్లో ఏం తయారవ్వాలో రాసిన చీటీ లాంటిదనీ, వట్టి చేతి చెమట తగిలితే ముక్కలైపోతుందనీ పనిలో చేరిన రోజే మా మేడమ్ చెప్పారు. అందుకే సీసాలు కడగడానికి కూడా నాకు గ్లౌజులిచ్చారు. ఆ పిల్లాడికి ఏ మందు పనికొస్తుందో ఆ చీటీ చూసే తేలుస్తారు. రేపు పొద్దున తొమ్మిదికి దాన్ని చదివే మిషన్లో పెడతారు.

నలుగురిలో నోరు విప్పడం నాకు అలవాటు లేదు. అయినా అడిగాను.

"బావగారూ, కుర్చీ సంగతి అలా ఉంచండి. మూత ఊడిన మాట నిజమేనా?"

"ఏం మరదలా, నువ్వు కూడానా," అని నవ్వబోయారు.

"చేతికి గ్లౌజు ఉందా?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. "లేదు," అన్నారు. బొటనవేలు ఓసారి చూసుకుని, "చెబితే ఉద్యోగం పోతుందేమోనే," అన్నారు.

"చెప్పకపోతే పిల్లాడికి తప్పు మందు పడుతుందేమో."

బావగారు మిగిలిన టీ పారబోసి లేచారు.

మర్నాడు ఎనిమిదింటికే వెళ్లి మేడమ్ గది తలుపు తట్టాను. బావగారు నా వెనకే వచ్చి రెండు ముక్కల్లో చెప్పేశారు. ఆయన అంత తక్కువ మాట్లాడగా నేను వినడం అదే మొదలు. మేడమ్ ఆ ట్యూబు పక్కన పెట్టి, మళ్లీ రక్తం తీసి ఇంకో ట్యూబు పంపమని ఆసుపత్రికి ఫోన్ చేశారు. ఆవిడ ఫోన్ పెట్టేసేదాకా అక్కడే నిలబడి, సీసాల దగ్గరికి వెళ్లాను.