చివరిగా ఏం మారింది?

హలో… ఆ, నేనే అక్కా. కొత్త పెళ్లికూతుర్నే!… అవును, నిన్నటితో సెలవు అయిపోయింది. ఇవాళ ఇంటినుంచే పని… కాపురమా? భలేగా ఉందక్కా. తలుపు గడియ వేశామో లేదో చూడటానికి ఇద్దరం లేచి వెళ్తున్నాం. ఒక్కరు చాలని ఇంకా తట్టడం లేదు… నవ్వకండి! ఆయన కర్టెన్లు తగిలించారు, తలకిందులుగా. పువ్వులన్నీ నేలచూపులే…

అదేంటి, మీ గొంతు అలా ఉందేం?

… నిన్న సాయంత్రమా? గేటు దాకా వచ్చాడా?… మన దగ్గర తలదాచుకున్న ఆవిడ భర్తేనా, వేరేవాళ్లు కాదు కదా?… పాప గుర్తుపట్టిందా. అయ్యో.

ఆ ఇల్లు మీ నలుగురికి తప్ప ఎవరికీ తెలీదు కదా… ఊ. నేను చేసిపెట్టిన మన ఆశ్రయం సైట్లో తప్ప ఎక్కడా రాసి లేదు… ఇప్పుడెక్కడున్నారు తల్లీకూతుళ్లు?… పొద్దున్నే వేరే ఇంటికి మార్చారా. మంచి పని చేశారు.

లేదక్కా, సైటులోంచి పొక్కే దారి లేదు. పాస్‌వర్డ్ లేనిదే ఆ పేజీ తెరుచుకోదు… సరే, సరే, చూస్తాను. మా పనిలో ఊహించకూడదు, చూడాలి. ముందు అడిగేది ఒకటే ప్రశ్న, చివరిగా ఏం మారింది అని… మీ దగ్గర కొత్తగా ఎవరైనా చేరారా?… లేదు. ఎవరి ఫోనైనా పోయిందా?… అదీ లేదు. అతను ఆ వీధిలో తిరగడం ఎప్పటినుంచట?… మూడు వారాలుగానా?

మూడు వారాల కిందట నేను లేనే లేనక్కా, నా పెళ్లి—

ఒక్క నిమిషం, లాప్‌టాప్ తెరవనివ్వండి.

అక్కా, పెళ్లికి ముందురోజు మీరు ఫోన్ చేశారు, గుర్తుందా? చిరునామా ఎక్కిస్తే సగమే పడుతోందని… ఆ, అదే. ఎక్కడ తెగిపోతోందో చూద్దామని, మీరు ఎక్కించే ప్రతి ముక్కా ఒక ఫైల్లో రాసుకోమని సైటుకి చెప్పాను. లాగ్ అంటాం. టైముతో సహా పడుతుంది. తప్పు దొరికింది, సరిచేశాను. ఆ రాయడం ఆపించి లేవాల్సింది. కింద మావాళ్లు కారు హారన్ ఒకటే మోత. లాప్‌టాప్ మూసేసి పరిగెత్తాను…

… లేదక్కా. ఆపలేదు. ఇంకా రాస్తూనే ఉంది. పేరు, ఇల్లు, ఫోన్ నంబరు, అన్నీ. పైగా ఆ ఫైలు బయటివాళ్లకి అందే చోట పడుతోంది. ఫైలు పేరు ఊహించగలిగితే చాలు, పాస్‌వర్డ్ అక్కర్లేదు… అతను ఏం పని చేస్తాడు?… కంప్యూటర్లు బాగుచేస్తాడా.

తిట్టండి. తర్వాత కడుపు నిండా తిట్టండి, పడతాను. ఇప్పుడు వినండి.

ఎవరెవరు ఏం తెరిచారో సైటు ఇంకోచోట రాసుకుంటుంది. అదే చూస్తున్నా… ఒక్కడే. రోజుకి ఐదారుసార్లు. నిన్నటిదాకా అన్నీ ఒకే ఇంటి నెట్ నుంచి. ఇవాళ మీరు కొత్త ఇల్లు ఎక్కించింది పదింటికి కదూ?… పదీ ఐదుకి తెరిచాడు. ఆ తర్వాతవన్నీ ఫోన్ నెట్ మీద.

అంటే… బయల్దేరాడక్కా.

ఇప్పుడు పదకొండూ పది. ఆవిడకి చెయ్యండి! పక్క ఫోన్లోంచి, ఇది పెట్టకండి… ఆ రాయడం నేను ఆపేశాను, కానీ ఆ మార్పు సర్వర్‌కి ఎక్కడానికి పది నిమిషాలు పడుతుంది… నా చేతిలో లేదక్కా, తెర మీద చక్రం తిరుగుతోంది, చూస్తూ కూర్చున్నా.

ఎత్తిందా!… వెనక గుమ్మం ఉందా ఇంటికి? చెప్పులు వెతుక్కోవద్దనండి. పాపని చంకనేసుకుని… ఊ… ఊ… కారెక్కేశారా? పొద్దున దింపిన మన డ్రైవరమ్మేనా, ఇంకా అక్కడే ఉందా?… హమ్మయ్య.

… నాకు థాంక్స్ చెప్పమందా? వద్దు. ఆ మాట నాకు చెప్పకండి.

ఉండండి.

మళ్లీ తెరిచాడు. ఇప్పుడే. ఇల్లు ఖాళీగా ఉందని చూసుంటాడు. అయితే మళ్లీ ఫైలు ఎందుకు—

అక్కా. వాళ్లు ఎక్కడికి వెళ్తున్నారో సైట్లో ఎక్కించలేదు కదా?

… అక్కా?

… అవును. మార్చిన వెంటనే ఎక్కించమని మీ చేత అలవాటు చేయించింది నేనేగా.

ఎప్పుడు?… గుర్తులేకపోతే పోనీండి, ఇక్కడ ఉంది. మీరు ఎక్కించింది పదకొండూ పధ్నాలుగు. అతను తెరిచింది… పదకొండూ పదిహేను.

ఏడవకండి. కారు ఇంకా దారిలోనే ఉంటుంది. డ్రైవరమ్మకి చెయ్యండి, ఆ వీధి మొహం కూడా చూడొద్దు, తిన్నగా పోలీస్ స్టేషన్‌కే పొమ్మనండి… ఏం, ఎందుకు ఆగారు?… ఆవిడ ఫోన్ ఆపేసిందా, డ్రైవరమ్మ నంబరు ఈ ఫోన్లోనే ఉందా?

పెట్టేస్తున్నా. చెయ్యండక్కా, పెట్టేస్తున్నా—